అణు రహిత పట్టణంలో ఆగిన వ్యాను

ఆ బుధవారం ఉదయం కమిషనర్ గారు ఫోన్ చేసి "ఈ నోటీసు ఎవరు తయారు చేశారండీ?" అని అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పాను. "కొత్తగా వచ్చిన అమ్మాయండీ, టైపింగులో పొరపాటు పడింది" అన్నాను. ఆ అమ్మాయి నా బల్లకి రెండడుగుల దూరంలో నిలబడి వింటోంది.

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నేను చేసిన తప్పులు చాలానే ఉన్నాయి. కొన్నిటికి మెమోలు తీసుకున్నాను, కొన్నిటిని ఎవరూ కనిపెట్టలేదు. ఈ ఒక్కదాన్ని మాత్రం నేనే బయటపెట్టుకున్నాను, అదీ నడిరోడ్డు మీద, కెమెరా ముందు. కొత్తగా ప్రభుత్వోద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి "మీ సర్వీసులో గుర్తుండిపోయిన రోజేదండీ?" అని అడుగుతుంటారు. ఇదే ఆ రోజు. సిగ్గుపడుతూ మొదలుపెడుతున్నాను గానీ, మధ్యాహ్నానికల్లా అది మా ఊరు గెలిచిన రోజైంది.

నేను రిటైరైంది విజయవాడకి దగ్గర్లో, హైవే పక్కనున్న ఒక పురపాలక సంఘంలో. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. నేనక్కడ మేనేజర్ని. కమిషనర్ గారి సంతకానికి వెళ్ళే ప్రతి కాగితమూ ముందు నా బల్ల మీది నుంచి వెళ్ళాలి.

మా కౌన్సిల్లో ఒకావిడ ఉండేవారు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక, వార్డు జనం నిలబెడితే కౌన్సిలర్‌గా గెలిచారు. ఊరంతా ఆవిణ్ణి టీచరమ్మ గారనే పిలిచేది. ఆవిడ ఒక తీర్మానం పెట్టారు. మాది అణు రహిత పట్టణం. అణ్వాయుధాలకి పనికొచ్చే సరుకుని గానీ, అణు వ్యర్థాలని గానీ మా పరిధిలో దించకూడదు, దాచకూడదు, మా డంపింగ్ యార్డులో పొయ్యకూడదు. మునిసిపాలిటీ గోడౌన్లు, స్థలాలు అలాంటి పనులకి ఇవ్వకూడదు. ఇలాంటి విషయాల్లో అసలు అధికారం కేంద్రానిదని ఆవిడకి తెలియక కాదు. "మన గేటు తాళం మన దగ్గరుందిగా, దాన్ని మనం వేసుకుందాం" అన్నారు.

ఆఫీసులో నవ్వులే నవ్వులు.

"మేనేజర్ గారండీ, బాంబులొస్తే ఆపుతాం సరే, దోమలొస్తే ఎవరాపుతారండీ?" అన్నాడు మా శానిటరీ ఇన్‌స్పెక్టరు.

"ఫాగింగ్ మిషను నీ దగ్గరే కదయ్యా ఉంది?"

"మిషనుందండీ. అందులో పొయ్యడానికి మందే లేదు."

నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇద్దరు ముగ్గురు సభ్యులు ముఖం చిట్లించినా తీర్మానం పాసైంది. మొత్తం రెండు పేజీలు. మొదటి పేజీ నిండా నిషేధాలు. రెండో పేజీలో టీచరమ్మ గారు పట్టుబట్టి రాయించిన పేరా ఒకటి ఉంది. ఆస్పత్రుల్లో వైద్యానికి, కాలేజీల్లో చదువుకి అనుమతి తీసుకుని వాడే వాటికి ఈ నిషేధం వర్తించదని.

అమలు చేసే పని నాకప్పజెప్పారు. ఊరికి రెండు చివర్లా బోర్డులు పెట్టించాలి. నోటీసు తయారుచేసి మా సిబ్బందికి, పోలీసు స్టేషనుకి, గోడౌన్ల యజమానులకి పంపాలి. నాకు బోర్డుల మీద మోజు పట్టుకుంది. నీలం రంగు మీద తెల్లక్షరాలు, పక్కన పావురం. పావురం కాస్తా బాతులా వచ్చిందని విజయవాడ గవర్నర్‌పేటలో బోర్డులు చేసే షాపు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. ఆవిష్కరణ సభలో వేదిక మీద నాకూ ఒక కుర్చీ వేస్తున్నారని తెలిశాక ఆ మోజు ఇంకా పెరిగింది. నోటీసు సంగతి చివరి రోజు మధ్యాహ్నం గుర్తొచ్చింది.

మా ఆఫీసుల్లో కొత్త కాగితాన్ని ఎవరూ కొత్తగా రాయరు. పాత ఫైళ్ళలో దానికి దగ్గరగా ఉన్నదాన్ని తీసి మాటలు మారుస్తాం. నేను ప్లాస్టిక్ కవర్ల నిషేధం నోటీసు తీశాను. 'ప్లాస్టిక్ సంచులు' అని ఉన్నచోటల్లా 'అణు పదార్థాలు' అని పెట్టాను. పసుపు రంగులో మూడు రెక్కల గుర్తు, అణు సరుకుల మీద ఉండేది, బొమ్మగా వేయించాను. పాత నోటీసు ఆఖరి వాక్యం "ఇందులో ఎవరికీ, ఏ కారణం చేతా మినహాయింపు లేదు" అని. కొట్టువాళ్ళు సాకులు చెప్పకుండా అప్పట్లో నేనే రాశాను. నాకు బాగా నచ్చిన వాక్యం. అది అలాగే ఉండిపోయింది.

ఇలాంటివి దొరకబుచ్చుకోవడానికే మాకు సరిచూడటం అనే పద్ధతి ఉంది. ఒకరు అసలు కాగితాన్ని పైకి చదవాలి. ఇంకొకరు కొత్త ప్రతి మీద వేలు పెట్టి లైను లైనుకీ పోల్చుకోవాలి. తర్వాత ఇద్దరూ పక్కపక్కన పొట్టి సంతకాలు పెట్టాలి. నా సెక్షన్లో ఒక జూనియర్ అసిస్టెంటు ఉండేది. మంగళగిరిలో మగ్గం నేసే ఇంటి నుంచి పరీక్ష రాసి వచ్చిన అమ్మాయి, ఇంకా ప్రొబేషన్లోనే ఉంది. తీర్మానం ఫైలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"సార్, ఒకసారి చదివేసుకుందామాండీ? పది నిమిషాలే."

"ప్లాస్టిక్ నోటీసేనమ్మా అది, నాకు నోటికొచ్చు. సంతకం పెట్టెయ్. నేను బోర్డుల షాపుకెళ్ళాలి."

"తీర్మానం రెండు పేజీలుందండీ."

"నోటీసు ఒక్క పేజీ ఉంటేనే జనం చదువుతారు."

ఒక్క క్షణం నా వైపు చూసి, నా పొట్టి సంతకం పక్కన తనదీ పెట్టింది. పై అధికారి పెట్టమన్నాక ఏం చేస్తుంది? మా రెండు సంతకాలూ చూసి కమిషనర్ గారు కిందికంటా చదవకుండా తన సంతకం చేశారు. ఆ సాయంత్రం సభ బ్రహ్మాండంగా జరిగింది. నాకూ శాలువా కప్పారు.

తర్వాత రెండో వారంలో వచ్చింది ఆ బుధవారం. ప్లాస్టిక్ లోడ్లు పట్టుకోవడానికి ఇన్‌స్పెక్టరు వారానికి రెండు రోజులు ఊరి మొదట్లో, హైవే మీద నిలబడేవాడు. ఉదయం తొమ్మిదిన్నరకి అతని ఫోన్.

"మేనేజర్ గారండీ, పట్టేశానండీ!"

"ఏంటి, కవర్లా?"

"కవర్లేంటండీ బాబూ. అణు పదార్థం! వ్యాను మీద పసుపు రంగు, మూడు రెక్కల గుర్తు, అచ్చం మన నోటీసులో బొమ్మే. జనం కూడా పోగయ్యారు."

నిజం చెప్పాలంటే నాకొచ్చిన మొదటి ఆలోచన, ఫొటోగ్రాఫర్ని పిలిపిద్దామా అని. అంతలో అతను ఫోన్ డ్రైవరు చేతికిచ్చాడు. డ్రైవరు హైదరాబాదు మనిషి.

"సార్, నమస్తే. ఇది మందు సార్, క్యాన్సర్ మందు. మీ ఊర్ల పెద్ద దవాఖానకే. ఒక అక్క ఇయ్యాల మింగాలె. కాగితాలన్నీ ఉన్నయ్. ఈ సారేమో మినహాయింపు లేదంటడు."

"మందులో అణువేంటయ్యా?"

"అదంతా నాకేమెరుక సార్, నేను డ్రైవర్ని. గుంటూరుల ఇంకో డబ్బా ఇచ్చేదుంది. పన్నెండు కొట్టంగనే ఈడికెళ్ళి పోవాలె. అప్పటిదాక దించనియ్యకపోతే ఈ డబ్బా వాపసే. దినదినం దాని పవర్ తగ్గుతది సార్, మళ్ళ ఎవ్వరికీ పనికిరాదు."

నేను ఫోన్ పెట్టేసేసరికి ఆస్పత్రి నుంచి డాక్టరుగారి ఫోన్. ఆయన కోపాన్ని పళ్ళ బిగువున ఆపుకుని మాట్లాడుతున్నారని తెలుస్తోంది. మందు ఎవరికోసం వచ్చిందో అప్పుడు తెలిసింది. అవనిగడ్డ వైపు ఒక లంక గ్రామంలో అంగన్‌వాడీ టీచరు. థైరాయిడ్ క్యాన్సరుకి ఆపరేషనైంది. మిగిలిపోయిన జబ్బుని మాడ్చడానికి రేడియో ధార్మికత ఉన్న ఈ అయోడిన్ గొట్టం మాత్ర మింగాలి. అది పనిచెయ్యాలంటే రోజూ వేసుకునే థైరాయిడ్ మాత్ర ముందు నుంచే ఆపాలి.

"నెల రోజులైందండీ ఆవిడ మాత్ర ఆపి. ఒళ్ళంతా నీరు పట్టింది, గొంతు బొంగురుపోయింది, ఈ ఎండల్లో చలేస్తోందని దుప్పటి కప్పుకుని కూర్చుంది. అయోడిన్ ఉంటుందని మామూలు ఉప్పు మానిపించాం, చేప మానిపించాం. ఇవాళ ఇది తప్పితే ఇంకో డబ్బా ఎప్పుడొస్తుందో చెప్పలేను. అన్నాళ్ళు మాత్ర లేకుండా ఆవిడ ఉండలేదు. మాత్ర మొదలుపెడితే ఈ నెలంతా పడ్డ బాధ మళ్ళీ మొదటి నుంచి పడాలి. మీ బాంబుల గొడవ మా పేషెంటు మీదెందుకండీ?"

నేను తలెత్తేసరికి ఆ అమ్మాయి తీర్మానం ఫైలు రెండో పేజీ తెరిచి నా ముందు పెట్టి, వేలితో పేరా చూపిస్తోంది. అది చదివాను. నా నోటీసు ఆఖరి వాక్యం గుర్తొచ్చింది. సరిగ్గా అప్పుడే కలెక్టరేట్లో మీటింగులో ఉన్న కమిషనర్ గారు ఫోన్ చేశారు. అప్పుడే నేను ఆ అబద్ధం చెప్పాను.

"ఆ అమ్మాయికి మెమో తయారుచేసి ఉంచండి, సాయంత్రం సంతకం పెడతాను. ముందు వ్యాను సంగతి చూడండి" అని ఆయన పెట్టేశారు.

ఆ అమ్మాయి బీరువా తెరిచి ఏవో సంచిలో వేసుకుంది. "మీ బండి మీద వెళ్దామాండీ? పది దాటింది" అంది.

ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేసి "వదిలెయ్యవయ్యా" అని అప్పటికే చెప్పి చూశాను. "నోటి మాట మీద వదిలేసి ఇంతకుముందు రెండు మెమోలు తిన్నానండీ. కాగితం మీద ఇవ్వండి, సెల్యూట్ కొట్టి వదులుతాను" అన్నాడు. అతన్ని తప్పుపట్టలేను. కాగితం మీద మినహాయింపు లేదని రాసింది నేనే.

స్కూటరు మీద వెళ్తుంటే వెనక నుంచి ఒక్క మాటంది. "సార్, వచ్చే నెల నా ప్రొబేషన్ పూర్తయినట్టు డిక్లేర్ చెయ్యాలండీ, మెమో పడితే ఆగిపోతుంది."

నేను విననట్టు హారన్ కొట్టాను. అదీ ఆ రోజు నా ఖాతాలోదే.

హైవే మీద వంద మంది దాకా ఉన్నారు. లోకల్ కేబుల్ చానల్ కుర్రాడు కెమెరాతో సహా దిగిపోయాడు. వ్యాను ఓ పక్కన ఆపి ఉంది. డ్రైవరు దాని నీడలో కూర్చుని పొట్లంలో ఇడ్లీ తింటున్నాడు.

"దగ్గరికెళ్ళకండ్రోయ్, పేలుద్దంట!"

"పేలేదైతే వాడు పక్కన కూర్చుని చట్నీ నాకుతాడేంట్రా?"

"వాడికి అలవాటైపోయుంటది."

ఇన్‌స్పెక్టరు నన్ను పక్కకి లాగాడు. తీర్మానం రెండో పేజీ చూపించాను. రెండుసార్లు చదివి తలూపాడు.

"బావుందండీ. దీని కింద 'నిజమైన నకలు' అని రాసి సంతకం పెట్టివ్వండి. నోటీసులో ఆఖరి లైను పొరపాటని కూడా రాసివ్వండి."

"రాస్తాను."

"ఎవరి పొరపాటో కూడా రాయండి సార్. ఊరికే 'పొరపాటు' అంటే రేపు తిరిగి తిరిగి నా మెడకే చుట్టుకుంటుంది. నోటీసు పంచింది నేనే కదండీ."

టైము పదకొండు దాటింది. వ్యాను బానెట్ మీద ఫైలు పరిచాను. ఎండకి రేకు కాలిపోతోంది. జేబులో పెన్ను తీశాక గుర్తొచ్చింది. ఆఫీసు ముద్ర లేకపోతే కాగితం చెల్లదు.

"ముద్ర..." అన్నాను.

"తెచ్చానండీ" అంది ఆ అమ్మాయి సంచిలో చెయ్యి పెట్టి. "ఇంకు ప్యాడు కూడా తెచ్చాను."

ఇందాక నేను అబద్ధం చెబుతుంటే పక్కన నిలబడి విన్న మనిషి, ఆ అబద్ధాన్ని వదిలేసి ముద్రా ప్యాడూ గుర్తుపెట్టుకుని తెచ్చింది. ప్యాడు మూత తీసి పట్టుకుని నిలబడింది. 'కార్యాలయ పొరపాటు' అని రాస్తే ఎవరికీ ఏమీ అంటదని నా బుర్ర చివరి నిమిషం దాకా చెబుతూనే ఉంది. ఆ పిల్ల వైపు చూడలేకపోయాను. కాగితం మీద ఇలా రాశాను: "ఈ నోటీసును పాత నోటీసు చూసి నేనే తయారుచేశాను. తీర్మానం రెండో పేజీ చదవలేదు. సరిచూద్దామని జూనియర్ అసిస్టెంట్ అడిగినా ఒప్పుకోలేదు. పొరపాటు పూర్తిగా నాది." సంతకం పెట్టి ముద్ర వేశాను.

అక్కడితో అయిపోలేదు. కమిషనర్ గారికి ఫోన్ చేశాను.

"సార్, ఇందాక మీకు అబద్ధం చెప్పానండీ. నోటీసు నేనే తయారుచేశాను. ఆ అమ్మాయికేం సంబంధం లేదు."

"మిగతాది సాయంత్రం మాట్లాడదాం. ముందా వ్యాను వదలండి" అన్నారు. కేబుల్ కుర్రాడి కెమెరా నా ముఖం మీదే ఉందని ఫోన్ జేబులో పెట్టుకుంటుండగా చూశాను.

ఇన్‌స్పెక్టరు మాట తప్పలేదు, నిజంగానే సెల్యూట్ కొట్టాడు. కానీ వ్యాను కదిలితేనా! జనం అడ్డం నిలబడ్డారు. మా ఊళ్ళోకి ఆ పెట్టెని రానిచ్చేది లేదంటూ ఒకడు బైకు అడ్డం పెట్టేశాడు. నేను కాగితం ఊపుతూ అరుస్తున్నాను, వినేవాడు లేడు. అప్పుడు ఒక ఆటో వచ్చి ఆగింది. టీచరమ్మ గారు దిగారు. నేను బయల్దేరేముందు ఆ అమ్మాయి ఫోన్ చేసిందట. నాకా ఆలోచనే రాలేదు.

ఆవిడ ముందు నా కాగితం చదివారు. కళ్ళజోడు మీదుగా నన్ను చూశారు. "తర్వాత మాట్లాడతానండీ మీతో" అని, బైకువాడి వైపు తిరిగారు.

"ఏరా, నువ్వు నా దగ్గర టెన్త్ చదివావు కదూ?"

"అవునండీ టీచర్ గారూ."

"రేడియో ధార్మికత పాఠం రోజు ఎక్కడున్నావు?"

"...సినిమాకెళ్ళానండీ."

జనం ఘొల్లుమన్నారు. "అందుకే ఇవాళ రోడ్డు మీద నిలబడ్డావు. ఇది బాంబు కాదురా. సీసం డబ్బాలో ఉన్న మందు. ఒకావిడ దీనికోసం నెల్రోజులుగా ఒళ్ళు కష్టపెట్టుకుని కూర్చుంది. అణు రహితం అని నేను పెట్టింది మనుషుల్ని చంపేదాన్ని ఆపడానికి. బతికించేదాన్ని ఆపితే నా తీర్మానం నేనే చింపేస్తాను." అంటూనే వ్యాను ముందు తలుపు తీసి డ్రైవరు పక్క సీట్లో ఎక్కి కూర్చున్నారు. "పద బాబూ. ఇంకెవరైనా ఆపుతారేమో చూద్దాం."

"అమ్మా, జర సీటుబెల్ట్" అన్నాడు డ్రైవరు.

అడ్డం పెట్టిన బైకే ముందు కదిలింది. దాని వెనక ఇంకో పది పన్నెండు బైకులు. అందరూ ఆవిడ శిష్యులే. హారన్లు కొట్టుకుంటూ, అడ్డమొచ్చిన ఆటోల్ని పక్కకి జరుపుతూ సాగారు. ఎమ్మెల్యే గారి కాన్వాయికి కూడా అంత హడావుడి ఉండదు. నేనూ ఆ అమ్మాయీ స్కూటరు మీద వెనక. బజారులో జనం ఎవరి పెళ్ళి ఊరేగింపో అనుకుని అరుగుల మీదికొచ్చి చూశారు. కేబుల్ చానల్ చూసినవాళ్ళు చప్పట్లు కొట్టారు.

పన్నెండుకి పదిహేను నిమిషాలుందనగా డబ్బా ఆస్పత్రిలో దిగింది. డాక్టరుగారు దాన్ని పరికరంతో కొలిచి "సరిపోతుంది" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆ అంగన్‌వాడీ టీచరు భర్త గోడకి చేరగిలబడి నేలమీద కూర్చుండిపోయాడు. ఒక్క గొట్టం మాత్ర కోసం ఊరు ఊరంతా తరలి వచ్చింది. మందు మింగినవాళ్ళని ఒంటరిగా ఉంచే గదికి సీసం తలుపు మూసే ముందు ఆవిడ దుప్పటిలోంచి చెయ్యి పైకెత్తింది. బయట బైకుల వాళ్ళు మళ్ళీ హారన్లు కొడితే నర్సు వచ్చి అందర్నీ తిట్టి పంపింది. డ్రైవరు పన్నెండుకి ఇంకా అయిదు నిమిషాలుండగానే గుంటూరు బండి కట్టేశాడు.

సాయంత్రం కమిషనర్ గారి గదికి ఒక మెమో తీసుకెళ్ళాను. నా పేరు మీద నేనే రాసుకున్న మెమో. ఆయన అప్పటికే వీడియో చూశారు. "అంతా మంచిగానే ముగిసింది కదండీ, ఇదెందుకు మళ్ళీ? రిటైర్‌మెంటు దగ్గర పడింది మీకు" అన్నారు. సంతకం పెట్టమనే అడిగాను. మందలింపు నా సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో ఎక్కింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ అమ్మాయి ప్రొబేషన్ మరుసటి నెలలోనే డిక్లేరైంది. నేను సెక్షన్లో అందరి ముందూ ఆమెకి క్షమాపణ చెప్పాను. "సరేనండీ" అంది, అంతే. ఆ రోజుకి నాకు దక్కాల్సింది అంతే.

తర్వాత జరిగిన కౌన్సిల్ సమావేశంలో సవరించిన నోటీసుని టీచరమ్మ గారు రెండు పేజీలూ అక్షరం వదలకుండా చదివించారు. మొదట ముఖం చిట్లించిన సభ్యులతో సహా అందరూ చేతులెత్తారు. ఆ తర్వాత ఆవిడ "తర్వాత మాట్లాడతాను" అన్న మాట నిలబెట్టుకున్నారు. నలభై నిమిషాలు మాట్లాడారు. అందులో రాయదగ్గవి తక్కువ.

ఆస్పత్రి ఆవిడ నలుగురిలో కలవొచ్చని డాక్టరు చెప్పాక, ఒక ఆదివారం బస్సెక్కి వాళ్ళ లంక ఊరికి వెళ్ళాను. ఆ రోజు పొద్దున బండి ఆగింది నా వల్లేనని చెప్పాను. భర్త "పోనీలెండి అయ్యగారూ, మందు పడింది గదా" అంటూ కుర్చీ వేశాడు. ఆవిడ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు.

"ఎంతసేపు ఆగిందండీ?"

"రెండు గంటల పైన."

"ఆ రెండు గంటలూ మంచం మీద కూర్చుని, ఎవడో తెలియదు గానీ వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టానండీ. చర్చికెళ్ళాక తప్పయిందని ప్రార్థన కూడా చేసుకున్నాను. ఇప్పుడు మిమ్మల్ని చూశాక, ఆ ప్రార్థన వెనక్కి తీసుకోవాలేమో అనిపిస్తోంది."

"తీసుకోండమ్మా."

ఆవిడ నవ్వింది. గొంతు పూర్తిగా రాలేదింకా. "నాది అయిపోయింది లెండి. నా పక్క మంచాల్లో ఇంకో ముగ్గురున్నారండీ వరసలో. వాళ్ళ బండ్లు ఎవరూ ఆపకుండా చూడండి. అది చాలు."

మర్నాడే రెండు పేజీల నోటీసుకి ముద్ర వేసి, నా ఫోన్ నంబరు రాసి, ఆ వ్యాన్లు నడిపే డ్రైవర్లందరికీ పంపాను. అది సరిపోతుందని నాకనిపించలేదు. నేను రిటైరవ్వడానికి ఇంకా పదకొండు నెలలుంది. మందు వచ్చే ప్రతి బుధవారం ఉదయం తొమ్మిదికి ముందే వెళ్ళి, వ్యాను ఊళ్ళోకి తిరిగే చోట హైవే మీద నిలబడేవాణ్ణి. ఎవరూ ఎప్పుడూ ఆపలేదు. హైదరాబాదు డ్రైవరు నన్ను చూసి స్పీడు తగ్గించి "ఏం సార్, ఇయ్యాల గూడ డ్యూటీయేనా?" అని కేకేసేవాడు. అవునని చెయ్యెత్తి, స్కూటరు మీద వ్యాను వెనకే వెళ్ళి, అది ఆస్పత్రి గేట్లోకి మళ్ళేదాకా చూసి, అప్పుడు ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి.